బీమా పన్ను: మమత కోరినదీ, బెంగాల్ వదులుకున్నదీ

జబ్బుపడితే అప్పులపాలు కాకూడదని ముందుచూపుతో బీమా తీసుకున్న వారిపై పన్ను వేయటం న్యాయమా? 2024 ఆగస్టులో పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి హోదాలో మమతా బెనర్జీ కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్‌కు రాసిన లేఖలోని ప్రధానాంశం ఇదే. జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంలపై 18 శాతం జీఎస్టీ ప్రజావ్యతిరేకమని, ఉపసంహరించకపోతే వీధుల్లోకి రాక తప్పదని ఆమె హెచ్చరించారు. విశేషమేమంటే, అంతకు కొద్దిరోజుల ముందే కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ సైతం ఆర్థిక మంత్రికి ఇదే కోరికతో లేఖ రాశారు.

బీమాపై పన్ను జీఎస్టీతో పుట్టినది కాదనీ, వసూలైన సొమ్ములో అధికభాగం రాష్ట్రాలకే చేరుతున్నదనీ ఆర్థిక మంత్రి పార్లమెంటులో సమాధానమిచ్చారు. రెండు మాటలూ కాదనలేనివే. 1994లో సేవాపన్ను ప్రవేశపెట్టినపుడు దాని పరిధిలోకి వచ్చినవి మూడే మూడు సేవలు: టెలిఫోను, స్టాక్ బ్రోకర్లు, సాధారణ బీమా. నాటి రేటు 5 శాతం. 2017లో జీఎస్టీ వచ్చేనాటికి అది సెస్సులతో కలిపి 15 శాతానికి చేరింది. ఇక జీఎస్టీలో సగం నేరుగా రాష్ట్రానిది. మిగిలిన సగంలోనూ 41 శాతం ఆర్థిక సంఘం సిఫార్సు మేరకు రాష్ట్రాలకే పంపిణీ అవుతుంది. ఒక్క ఆరోగ్య బీమా ప్రీమియంలపైనే 2023-24లో 8,262 కోట్ల రూపాయలకు పైగా వసూలైంది. కాబట్టి మమత వదలమన్నది ఢిల్లీ సొమ్ము మాత్రమే కాదు.

2024 సెప్టెంబరులో జీఎస్టీ మండలి ఈ అంశాన్ని మంత్రుల బృందానికి అప్పగించింది. ఏడాది తర్వాత, 2025 సెప్టెంబరు 3న జరిగిన సమావేశంలో వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీలకు పూర్తి మినహాయింపు లభించింది. అదే నెల 22 నుంచి అమలైంది. ఇది తమ పోరాట ఫలితమేనని చెప్పుకున్న మమత, ఆ విడత పన్ను తగ్గింపులన్నిటి వల్లా బెంగాల్ సుమారు 20,000 కోట్ల రూపాయలు నష్టపోతుందనీ అన్నారు.

ఉపశమనం ఎవరికి? ఏటా 30,000 రూపాయల ప్రీమియం కట్టే కుటుంబానికి 5,400 మిగలాలి. అయితే పన్ను లేని సేవకు ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు. ఏజెంట్ల కమీషన్‌పైనా, కార్యాలయాల అద్దెపైనా కంపెనీలు కట్టిన పన్ను తిరిగి రాదు గనుక, ఆ మేరకు మూల ప్రీమియం పెరగవచ్చు. యజమానులు ఉద్యోగులకు తీసుకునే గ్రూపు పాలసీలపై 18 శాతం యథాతథంగానే ఉంది.

అసలు ప్రీమియమే కట్టలేని వారి సంగతి వేరు. మన ఆరోగ్యశ్రీ 2007లో మొదలైతే, బెంగాల్ 2016లో 'స్వాస్థ్య సాథి' ప్రారంభించి, కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు భరించే ఏర్పాటు చేసింది. కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ నుంచి 2019 జనవరిలో వైదొలగింది. ఇటువంటి కార్డులు ప్రధానంగా ఆసుపత్రిలో చేరితేనే అక్కరకొస్తాయి. నెలనెలా కొనే మధుమేహం, రక్తపోటు మాత్రలకు జేబులోంచే తీయాలి. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశ ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు ఇలా సొంతంగా పెట్టుకున్నదే. ఆ దృష్టితో చూస్తే, అదే సమావేశంలో చాలా మందులపై పన్నును 12 నుంచి 5 శాతానికి తగ్గించటం బీమా మినహాయింపు కంటే పేదలకు దగ్గరి నిర్ణయం. దానికి అంత ప్రచారం రాలేదు.

పన్ను తగ్గించమనటం, తగ్గిన ఆదాయానికి పరిహారం కోరటం పరస్పర విరుద్ధాలు కావు. కానీ లోటు ఎలా పూడ్చాలో తేలనే లేదు. రాష్ట్రాలకిచ్చిన అయిదేళ్ల నష్టపరిహార హామీ 2022 జూన్‌తో ముగిసింది. మండలిలో మూడింట ఒక వంతు ఓటు బలం కేంద్రానిది. ఏ నిర్ణయానికైనా నాల్గింట మూడు వంతుల మద్దతు అవసరం కావటంతో, కేంద్రం కాదంటే ఏ రేటూ మారదు. రాష్ట్రం తనంత తాను పెంచుకోగలిగిన పెద్ద రాబడులు మద్యం, పెట్రోలు, స్టాంపు డ్యూటీ వంటివే. కేంద్ర పథకం వద్దన్న బెంగాల్‌లో స్వాస్థ్య సాథి ఆసుపత్రి బిల్లులు చెల్లించవలసి వచ్చింది ఈ ఖజానా నుంచే.