వార్తల్లో పదం: క్రియేటివ్ ప్లేస్‌మేకింగ్

ఖాళీ పడ్డ ఇళ్లను, పాడుబడ్డ స్థలాలను స్థానికులూ కళాకారులూ కలిసి కళతో మళ్లీ వాడుకలోకి తేవడమే క్రియేటివ్ ప్లేస్‌మేకింగ్. 2010లో ఆన్ మార్కుసెన్, ఆన్ గాడ్వా అమెరికా ప్రభుత్వ కళల సంస్థ కోసం రాసిన నివేదికతో ఈ మాట స్థిరపడింది. పని మాత్రం పాతదే.

హ్యూస్టన్‌లో నల్లజాతీయుల పేట థర్డ్ వార్డ్. 1993లో రిక్ లోవ్, తోటి కళాకారులు అక్కడి 22 పాడుబడ్డ చిన్న ఇళ్లను బాగుచేశారు. కొన్నింటిలో ప్రదర్శనలు పెట్టారు, కొన్నింటిని చదువుకుంటున్న ఒంటరి తల్లులకిచ్చారు. డెట్రాయిట్‌లో టైరీ గైటన్ 1986లో మొదలుపెట్టిన హైడెల్‌బర్గ్ ప్రాజెక్టులో కొంత భాగాన్ని నగరపాలకులే రెండుసార్లు కూలగొట్టారు! హైదరాబాద్ మక్తాలోనూ గోడలకు బొమ్మలెక్కాయి, కాకపోతే అవి జనం కాపురముంటున్న ఇళ్లు.

మరి షోలాపూర్ పద్మశాలి పేటలకు దీంతో పనేమిటి? మగ్గం, కాపురం ఒకే కప్పు కింద సాగే చోట మగ్గం ఆగితే సగం ఇల్లు ఖాళీ అయినట్టే. పైగా షోలాపూర్‌కు చేరువలోని కుంభారి దగ్గర కార్మికుల కోసం కట్టిన రే నగర్‌లో 2024 జనవరిలో 15,000 ఇళ్లు అప్పగించారు. కుటుంబాలు అటు కదిలేకొద్దీ పాత గదుల సంగతీ చూడాలి. భౌగోళిక గుర్తింపున్న దుప్పట్ల ఊరు కదా, మగ్గానికి తగిలించే జకార్డ్ అట్టల్లోని డిజైన్లను గోడలెక్కించడం పెద్ద పనేం కాదు. చిక్కల్లా ఇల్లు ఎవరి పేరునుంది, కరెంటు బిల్లెవరు కడతారు, పేట బాగుపడి అద్దె పెరిగితే ఎవరు ఖాళీ చేయాలి అన్నదే. హ్యూస్టన్ వాళ్లు ఈ బెడద ఎరిగే 2003లో తక్కువ అద్దె ఇళ్ల కోసం విడిగా ఓ సంస్థ పెట్టుకున్నారు.