బీరు మంచిదా, కూల్‌డ్రింకు మంచిదా?

మొన్న వేసవిలో అమలాపురం దగ్గర ఒక సంఘస్థుల ఇంట పెండ్లి విందుకు వెళ్ళాను. పందిరి కింద ఒకటే ఉక్కపోత. బల్లమీద కూల్‌డ్రింకు సీసాలు వరుసగా పెట్టారు. నా పక్కన కూర్చున్న కుర్రవాడు మన యౌవనస్థుల కూడికలో పాటలు పాడేవాడే. గొంతు తగ్గించి అడిగాడు: "సిస్టరుగారండీ, అయ్యగారు బీరు ముట్టవద్దంటారు. ఈ సీసాలో ఉన్నంత పంచదార బీరులో లేదు కదండీ. మరి ఒంటికి ఏది ఎక్కువ చెడ్డదండీ?"

ముప్పయి ఏళ్ళు నర్సుగా చేసినదానిని. గద్దించి ఊరుకోవడం తేలికే. కాని ఆ అబ్బాయి తండ్రి జీవితంలో మందు ముట్టని మనిషి. షుగరు ముదిరి కాలివేళ్ళు రెండు తీయించుకున్నాడు. రోజూ మధ్యాహ్నం ఒక కూల్‌డ్రింకు ఆయనకు అలవాటు. రోగానికి అదొక్కటే కారణమని నేను అనను. అయినా కొడుకు ప్రశ్న ఎక్కడినుండి వచ్చిందో నాకు అర్థమైంది.

అతను చెప్పిన లెక్క నిజమే. 300 మి.లీ. కోలా సీసాలో సుమారు 32 గ్రాముల పంచదార ఉంటుంది. అంటే ఎనిమిది టీ చెంచాలు. ఎవరైనా టీలో ఎనిమిది చెంచాలు వేసి ఇస్తే ఉమ్మేస్తాం. ఇక్కడ చల్లదనం, పులుపు, గ్యాసు కలిసి ఆ తీపిని దాచేస్తాయి. పెద్దవారికి రోజుకు ఆరు చెంచాలు మించకుండా ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఒక్క సీసాతో ఆ హద్దు దాటిపోతుంది. మందు వాసన తెలియనివారికి కూడా ఈ తీపివల్ల లివరుకు కొవ్వు పడుతుంది. దేశంలో పది కోట్లమందికి పైగా షుగరు ఉన్నదని 2023లో వచ్చిన ఐ.సి.ఎం.ఆర్. పరిశీలన తేల్చింది. వారిలో మన సంఘాల పెద్దలు ఎంతమందో ఆదివారం భోజనాల దగ్గర చూస్తే తెలుస్తుంది.

ఇక బీరు. బార్లీ నుండి వచ్చే పంచదారను ఈస్టు తినేసి ఆల్కహాలుగా మారుస్తుంది. తీపి కనబడకపోవడానికి కారణం అదే. 650 మి.లీ. పెద్ద సీసాలో సుమారు 280 క్యాలరీలు. అంతే కొలత కోలాలోనూ ఇంచుమించు అంతే. బొజ్జ విషయంలో రెండింటికీ తేడా లేదు.

"బీరు మందు కాదండీ, బార్లీ నీళ్ళే" అనే మాట మనవైపు బాగా వినబడుతుంది. అయిదు శాతం బీరు పెద్ద సీసాలో 25 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 30 మి.లీ. విస్కీ పెగ్గులో ఉండేది పది గ్రాములు. అంటే సీసా బీరు రెండున్నర పెగ్గులు. ఎనిమిది శాతం ఉండే స్ట్రాంగు బీరయితే నాలుగు పెగ్గులు! ఆల్కహాలు మనుష్యులలో క్యాన్సరు కలిగించేదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1988లోనే తేల్చి, పొగాకు ఉన్న వరుసలోనే పెట్టింది. ఇంత తాగితే భయం లేదని చెప్పగల కొలత లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.

బీరు చలువ అనేది మరొకటి. ఒంట్లోని నీటిని మూత్రంలో ఎక్కువగా బయటకు పంపించడం ఆల్కహాలు గుణం. మే నెల ఎండలో చెమటకు తోడు ఇది కూడానా! కిడ్నీలో రాళ్ళు కరుగుతాయని తాగేవారు వార్డులో నాకు ఎందరో తగిలారు. మూత్రం ఎక్కువ వస్తుందే గాని రాయి కరగదు. పైగా బీరు యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. గౌట్ అనే కీళ్ళనొప్పి, ఒక రకం రాళ్ళు దానివల్ల వచ్చేవే. కూల్‌డ్రింకు పంచదార కూడా యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది సుమా.

ఇంత విన్నాక అతను పౌలు తిమోతికి ద్రాక్షారసం చెప్పలేదా అన్నాడు. జబ్బు మనిషి కడుపుకోసం రాసిన చీటీ అది బాబూ, విందులకు రాసినది కాదు అన్నాను. 1836లో ఇండియాకు వచ్చి, మన నది ఆవలి నరసాపురంలో సువార్త చెప్పిన దొరగారి పేరు కూడా జార్జి బీర్ అని చెబితే పకపకా నవ్వాడు.

ఒంటి లెక్కతో ఆగితే ఈ పోలిక పూర్తికాదు. కూల్‌డ్రింకు తాగినవాడు కాలవగట్టు మీద బైకు తోలుతూ ఎదుటివాణ్ణి గుద్దడు, ఇంటికి వచ్చి భార్యమీద చెయ్యి చేసుకోడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయిని తరిమింది ఇంట్లో పొయ్యి వెలగాలని. 1995 జనవరిలో రామారావుగారు మద్యనిషేధం పెడితే, మన పక్కనున్న యానాంలో మాత్రం అది లేదు. 1997లో ఇక్కడా సడలించారు.

అయితే మన విందుల సంగతి? గోదావరి వారికి కూల్‌డ్రింకు కొత్త కాదు, రామచంద్రపురం ఆర్టోస్‌కు వందేళ్ళు దాటాయి. కాని అప్పట్లో గోళీసోడా అయినా, కలరు సోడా అయినా తీర్థానికి వెళ్ళినప్పుడు తాగేవారం. ఇప్పుడు రెండు లీటర్ల సీసా ఫ్రిజ్‌లో కాపురం ఉంటోంది. పెరట్లో గెలలు వేలాడుతుంటే దింపు మనిషిని పిలవడానికి బద్ధకించి పిల్లవాణ్ణి కొట్టుకు పంపుతాం. బొండాం ఇస్తే చుట్టాలు తక్కువ చేశారనుకుంటారని భయం. అంబాజీపేట కొబ్బరి ఊరూరికీ లారీలకెక్కి పోతుంది, మన అతిథికి మాత్రం కోలా! బొండాం నీళ్ళలో తీపి కూల్‌డ్రింకులో సగమైనా ఉండదు, చెమటతో పోయే లవణాలలో పొటాషియం దండిగా ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం డాక్టరును అడగకుండా తాగకూడదు. షుగరువారు ఒకదానితో ఆపుకోవాలి.

ఈ జనవరిలో ఆ అబ్బాయి చెల్లెలి పెండ్లి జరిగింది. పందిరి మొదట్లో బొండాల గుట్ట, కత్తి పట్టుకొని ఒక మనిషి. పిల్లలు కలరు సోడా ఏదని గోల చేస్తే నిమ్మసోడా కలిపించారు. తండ్రి కుర్చీలో కూర్చొని, "నాకు తీపి వేయించరా" అన్నాడు. కొడుకు ఉప్పు వేయించి తెచ్చి చేతికిచ్చాడు. ఆయన మూతి ముడుచుకొనే తాగాడు. బీరు సంగతి నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. వెళ్ళేటప్పుడు నా సంచిలో రెండు బొండాలు పెట్టాడు.