చార్టు వేరు, ఖాతా వేరు

మన సంఘీయుల ఇండ్లలో నేడు మగ్గముతోపాటు చేతిఫోనులో షేరు ఖాతా కూడ కనిపించుచున్నది. షోలాపురము, భివండీ, సేలము మున్నగు చోట్ల నుండి యువకులు పలువురు మమ్ము ఒకే సంగతి అడుగుచున్నారు: "బ్రోకరు వద్దనున్న మా ఖాతాను ట్రేడింగ్‌వ్యూ వంటి చార్టు వేదికకు జోడించవచ్చునా? జోడించినచో మా సొమ్మునకు ప్రమాదము కలదా?" దీనికి తెలిసినంతలో సులభముగా సమాధానము చెప్పుటకు ప్రయత్నింతుము.

ముందుగా ఎవరి పని ఏమో తెలిసికొనవలెను. మనము కొన్న షేర్లు బ్రోకరు పెట్టెలో ఉండవు. అవి డిపాజిటరీలో మన పేరనే ఉండును. మన దేశములో ఇట్టి డిపాజిటరీలు రెండు: 1996లో మొదలైన ఎన్.ఎస్.డి.ఎల్., 1999లో మొదలైన సి.డి.ఎస్.ఎల్. మన ఆర్డరును ఎక్స్ఛేంజికి చేర్చువాడు బ్రోకరు. అతడు సెబీ వద్ద రిజిస్టరు అయియుండవలెను. ఇక చార్టు వేదిక చేయు పని ధరల ఎగుడుదిగుడులను గీతలుగా చూపుట. నమూనా గీసిన గ్రాఫు కాగితమునకు, మగ్గమునకు ఎంత భేదమో ఈ రెండింటికిని అంత భేదము. కాగితముపై పువ్వు ఎంత అందముగానున్నను బట్ట నేయునది మగ్గమే.

జోడించు విధానము ఇట్లుండును. ట్రేడింగ్‌వ్యూలో చార్టు తెరచి, ట్రేడింగ్ ప్యానెల్ అను భాగమును నొక్కినచో బ్రోకర్ల పట్టిక వచ్చును. మన దేశపు బ్రోకర్లలో ఫయర్స్, ధన్ వంటివి అందులో కలవు. మన బ్రోకరు పేరు అందులో లేనిచో జోడించు దారి లేదన్నమాట. అట్టి సమయమున "మేము జోడించిపెట్టెదము" అని వచ్చు మధ్యవర్తులను నమ్మరాదు. పేరు ఉన్నచో దానిని నొక్కగానే బ్రోకరు వారి సొంత లాగిన్ పేజీ తెరచుకొనును. ఖాతా నెంబరు, పాస్‌వర్డు, అప్పటికప్పుడు వచ్చు ఓటీపీ అక్కడనే ఇయ్యవలెను.

అసలు కీలకము ఇక్కడనే యున్నది. మన పాస్‌వర్డు చార్టు వేదికకు చేరదు. బ్రోకరు మనలను గుర్తించి, మన సమ్మతి తీసికొని, టోకెన్ అను అనుమతిచీటీ నొకదానిని ఆ వేదికకు ఇచ్చును. ఇంటి తాళపుచెవి ఇయ్యక, ఒక పూటకు లోనికి వచ్చుటకు చీటీ వ్రాసి యిచ్చినట్లన్నమాట. మన దేశములో సాధారణముగా ఈ చీటీ ఆ దినముతో చెల్లిపోవును. మరునాడు మరల లాగిన్ కావలెను. ఇది విసుగు అనిపించినను మన రక్షణకే.

కావున పాస్‌వర్డు అడుగు పేజీ చిరునామా బ్రోకరుదేనా అని ప్రతిసారి అక్షరము అక్షరము చూడవలెను. వాట్సాప్, టెలిగ్రాము గుంపులలో వచ్చిన లింకు ద్వారా ఎన్నడును పోరాదు. కొందరు "డబ్బు మా బ్యాంకుకే గదా తిరిగివచ్చును, దొంగ ఏమి చేయగలడు?" అని ధైర్యముగా నుందురు. ఖాతాలోని సొమ్ము మన పేరనున్న బ్యాంకుకే పోవునన్న మాట నిజమే. కాని దొంగ దానిని బ్యాంకుకు పంపనక్కరలేదు. కొనువారు అమ్మువారు లేని ఆప్షన్లను మన ఖాతాలో హెచ్చు ధరకు కొని, తన ఖాతా నుండి వానినే మనకు అమ్మును. మన నష్టము వాని లాభమగును. ఓటీపీ చెప్పినవాడు తాళపుచెవి ఇచ్చినవాడే.

జోడించిన పిదప గమనింపవలసినవి మరికొన్ని కలవు. చార్టుపై గీచిన గీత ఆర్డరు కాదు. ధర ఫలానా చోటికి వచ్చినప్పుడు గంట మ్రోగునట్లు పెట్టిన అలర్టు కూడ ఆర్డరు కాదు. నష్టమును ఆపు స్టాప్‌లాస్ ఆర్డరు పెట్టితిమని తలచువారు, అది బ్రోకరు ఆర్డరు పుస్తకములో కనిపించుచున్నదా అని చూచినగాని నిశ్చింతగా నుండరాదు. కొన్ని ఎక్స్ఛేంజీల ధరలు చార్టులో ఆలస్యముగా వచ్చును. కొనుటకు ముందు బ్రోకరు చూపు ధరతో సరిపోల్చవలెను. ఫ్యూచర్స్‌లో చార్టు పలు నెలల ధరలను ఒకే వరుసగా అతికి చూపవచ్చును. మనము కొనునది మాత్రము ఒక నెల కాంట్రాక్టే.

క్రొత్తవారు మొదట పేపర్ ట్రేడింగ్‌లో అభ్యాసము చేయుట మేలు. అందులో నిజమైన సొమ్ము కదలదు. అయితే తెరపై ఏ ఖాతా పేరున్నదో చూడక నొక్కినచో, ఆట అనుకొన్నది నిజము కాగలదు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. జోడించుటవలన ఆర్డరు పెట్టుట సులభమగును. లాభము సులభము కాదు. 2024 సెప్టెంబరులో సెబీ ప్రకటించిన అధ్యయనము ప్రకారము, 2021-22 మొదలు 2023-24 వరకు మూడేండ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. వారి మొత్తము నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలకు మించినది. నూలు కొనుటకు ఉంచిన పెట్టుబడి, ఆడపిల్ల పెండ్లికి దాచిన సొమ్ము ఈ దారిని పట్టరాదని మా మనవి.

పని ముగియగానే ప్యానెల్‌లో లాగౌట్ కావలెను. ఇక అక్కరలేదనుకొన్నప్పుడు బ్రోకరు ఖాతాలో ఇచ్చిన అనుమతులను కూడ రద్దు చేయవలెను. మోసము జరిగినట్లు అనుమానము కలిగిన తక్షణమే బ్రోకరుచే ఖాతాను స్తంభింపజేసి, 1930 అను సైబరు నేరముల నెంబరునకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేయిదాటిపోవును. ఇంటిలోని చదువుకొన్న పిల్లలు ఈ నాలుగు మాటలు పెద్దలకు చదివి వినిపించిన, మేము వ్రాసినందులకు ఫలితము దక్కినట్లే.