బండి ఎత్తు పెంచారు సరే, షాఫ్ట్ సంగతేంటి?

పాత మారుతి జిప్సీకి రెండంగుళాల లిఫ్ట్ వేసి, పెద్ద టైర్లు బిగిస్తే చూడ్డానికి భలే ఉంటుంది. కానీ హైవే ఎక్కి కాస్త స్పీడ్ అందుకోగానే సీటు కింద ఒక వణుకు మొదలవ్వచ్చు. వీల్ బ్యాలెన్సింగ్ చేయించినా అది పోకపోతే, అనుమానించాల్సింది బండి కింద తిరిగే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణాల్ని. మెకానికల్ వాళ్ళకి ఇది తెలిసిన పాఠమే. మన సీఎస్ఈ బ్యాచ్ కోసం మొదటి నుంచి చెప్తాను.

ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఇంజిన్ శక్తి ట్రాన్స్‌ఫర్ కేస్ దాకా వచ్చి, అక్కణ్ణుంచి రెండు షాఫ్టుల ద్వారా ముందు, వెనక యాక్సిల్స్‌కి వెళ్తుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. జిప్సీ లాంటి బండిలో యాక్సిల్ మాత్రం గుంతల్లో పైకీ కిందకీ ఊగుతుంది. అందుకే షాఫ్ట్ రెండు చివర్లా యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. షెడ్డులో వీటిని 'క్రాస్' అంటారు.

ఈ క్రాస్‌కి ఒక గుణం ఉంది. వంపులో తిరిగేటప్పుడు లోపలికి సమాన వేగం ఇచ్చినా బయటికి సమానంగా రాదు. ప్రతి చుట్టులో రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. కోణం 10 డిగ్రీలైతే తేడా అటూ ఇటూ 1.5 శాతం, 20 డిగ్రీలైతే దాదాపు 6 శాతం. కోణం రెట్టింపైతే తేడా నాలుగింతలన్నమాట! షాఫ్ట్ నిమిషానికి 2400 చుట్లు తిరుగుతుంటే సెకనుకి 80 కుదుపులు.

మరి లిఫ్ట్ చేయని బండి ఎందుకు వణకదు? రెండో క్రాస్ వల్ల. ఒక కీతో ఎన్‌క్రిప్ట్ చేసిన మెసేజ్‌ని అదే కీతో డీక్రిప్ట్ చేసినట్టు, మొదటి క్రాస్ చెడగొట్టిన వేగాన్ని రెండోది సరిచేస్తుంది. ఇక్కడ కీ అంటే కోణం. రెండు చివర్లా కోణం ఒకటే ఉండాలి. అంటే ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి వచ్చే ఇరుసు, యాక్సిల్‌లోకి వెళ్ళే పినియన్ ఇరుసు సమాంతరంగా ఉండాలి.

లిఫ్ట్ చేస్తే రెండు మార్పులొస్తాయి. ఒకటి, షాఫ్ట్ వాలు పెరుగుతుంది. సుమారుగా చూస్తే 600 మి.మీ. షాఫ్ట్‌కి 50 మి.మీ. లిఫ్ట్ దాదాపు 5 డిగ్రీలు కలుపుతుంది. షాఫ్ట్ 1200 మి.మీ. ఉంటే అందులో సగమే. పొట్టి బండ్లకి బాధ ఎక్కువ అందుకే. రెండోది, యాక్సిల్ తిరిగిపోవచ్చు. జిప్సీ వెనక లీఫ్ స్ప్రింగులకి పొడవాటి షాకిల్ వేస్తే పినియన్ ముక్కు పైకి లేస్తుంది. కీ మారిపోయింది!

సరిచేయాలంటే ముందు కొలవాలి. బండి సమతలం మీద, బరువు చక్రాల మీద ఉన్నప్పుడే కొలవాలి. జాకీ మీద యాక్సిల్ వేలాడుతుంటే లెక్క తప్పుతుంది. యాంగిల్ గేజ్‌తో ట్రాన్స్‌ఫర్ కేస్ ఫ్లాంజ్, షాఫ్ట్, పినియన్ ఫ్లాంజ్ మూడింటి వాలు రాసుకుని తేడాలు తీస్తే రెండు కోణాలూ వస్తాయి. వాటి మధ్య తేడా ఒక డిగ్రీ లోపు ఉండేలా చూడాలి. లీఫ్ స్ప్రింగులైతే స్ప్రింగుకీ యాక్సిల్‌కీ మధ్య ఏటవాలు స్టీల్ షిమ్ పెడతారు. కాయిల్ స్ప్రింగులైతే పొడవు మార్చగలిగే కంట్రోల్ ఆర్మ్స్ వాడతారు. ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు డబుల్ కార్డన్ జాయింట్ ఉంటే రూల్ వేరు: అందులో రెండు క్రాస్‌లు తమలో తామే సరిచేసుకుంటాయి కాబట్టి పినియన్ నేరుగా షాఫ్ట్ వైపు చూడాలి.

అసలు చిక్కు ముందు యాక్సిల్ దగ్గర. అక్కడ పినియన్‌ని పైకి తిప్పితే, అదే యాక్సిల్‌కి ఉన్న స్టీరింగ్ ఇరుసులు కూడా తిరిగి క్యాస్టర్ కోణం తగ్గుతుంది. అప్పుడు స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రాదు, హైవే మీద బండి అటూ ఇటూ లాగుతుంది. రెండూ ఒకేసారి కుదరకపోతే క్యాస్టర్‌కే ఓటెయ్యాలి. ఫ్రీవీలింగ్ హబ్‌లు ఉన్న బండిలో వాటిని అన్‌లాక్ చేస్తే, టూ వీల్ డ్రైవ్‌లో ముందు షాఫ్ట్ తిరగనే తిరగదు. స్టీరింగ్ మాత్రం ప్రతి క్షణం కావాలి.

వణుకే కదా అని వదిలేస్తే క్రాస్ బేరింగులు, పినియన్ సీల్ త్వరగా పోతాయి. క్రాస్ విరిగితే షాఫ్ట్ ఊడి రోడ్డుకి తగులుతుంది. కాబట్టి లిఫ్ట్ కిట్ రేటు అడిగేటప్పుడే, కోణాలు ఎవరు కొలుస్తారు, షిమ్‌లు ధరలో కలిశాయా అని కూడా అడగండి.