పడవ గదిలో చాచుకునే బల్ల

మా బెంగళూరులో బెళ్ళందూరు చెరువులో ఒకప్పుడు విమానాలు దిగేవంటే మా అపార్టుమెంటు పిల్లలు నమ్మరు. నిజంగానే దిగేవి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, ఇప్పుడు మనం హెచ్ఏఎల్ అంటున్న కర్మాగారానికి కాటలీనాలనే నీటి విమానాలు మరమ్మతుకి వచ్చేవి. వాటి అడుగుభాగం అచ్చంగా పడవే. గంటల తరబడి సముద్రం మీద గస్తీ తిరగాలి కాబట్టి సిబ్బంది వంతులవారీగా నడుం వాల్చడానికి లోపల బల్లలు కూడా ఉండేవి.

"అంత ఇరుకులో ఎలా పడుకునేవాళ్ళు తాతయ్యా?" అంది మా మనవరాలు. మంచి ప్రశ్న. దానికి బాగా తలబద్దలు కొట్టుకుని జవాబు కనిపెట్టినవాళ్ళు తెరచాప పడవల వాళ్ళు. మన నావికాదళం పడవ తారిణి సంగతే చూడండి. 17 మీటర్ల పొడవు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి, భూమిని చుట్టి, 2018 మేలో తిరిగొచ్చింది. ఆ ఇరుకులోనే ఉండి నడిపింది ఆరుగురు మహిళా అధికారులు. వాళ్ళలో విశాఖ నుంచి పి. స్వాతి, హైదరాబాదు నుంచి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. మన పిల్లలు అంత సముద్రం దాటొచ్చారని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు పొంగుతుంది.

సొంతంగా షికారుకి వాడుకునే చిన్న పడవల్లో చోటు ఇంకా తక్కువ. గదిలో అటొకటి, ఇటొకటి గోడవారగా బల్లలుంటాయి. కూర్చోవడానికి 20 అంగుళాల లోతు సరిపోతుంది. అంతకు మించితే వీపు వెనక్కి ఆనదు, కాళ్ళు వేలాడతాయి. అదే బల్ల మీద పెద్దవాళ్ళు హాయిగా పడుకోవాలంటే 28 అంగుళాలైనా కావాలి. పగలు 20, రాత్రి 28! ఈ 8 అంగుళాల కోసమే పడవలున్నవాళ్ళు రంపం, స్క్రూలు పట్టుకుని సొంతంగా బల్ల చాపే ఏర్పాటు చేసుకుంటారు.

మా ఫ్లాటు హాల్లో కిటికీ కింద బల్లకి కూడా అదే లెక్క. ఊరినుంచి చుట్టాలొస్తే ఒకరికి పక్క కావాలి, మిగతా రోజుల్లో నడిచే దారి కావాలి. అందుకని వడ్రంగి మేస్త్రిని పిలిచి, పక్కనే కూర్చుని చేయించాను.

పద్ధతి ఇది. బల్ల పైన ఒకే పలక వెయ్యకుండా, గోడవైపు నుంచి ముందుకి టేకు రీపర్లు, అంటే పొడుగాటి చెక్క బద్దలు, వరసగా వేస్తారు. రెండేసి రీపర్ల మధ్య ఇంకో రీపరు పట్టేంత సందు. ఒక వరస బల్లకి బిగించి ఉంటుంది. ఆ సందుల్లో కూర్చునే రెండో వరస, ముందున్న అడ్డపట్టీకి బిగించి ఉంటుంది. రెండు చేతుల వేళ్ళూ ఒకదాంట్లో ఒకటి దూర్చి మెల్లగా దూరం జరిపితే ఎలా ఉంటుందో, పట్టీ పట్టుకుని లాగితే బల్ల అలా చాచుకుంటుంది.

ఇక్కడ ఆగి ఒక లెక్క చూద్దాం. కదిలే రీపరు పొడుగు 20 అంగుళాలు. 8 బయటికి లాగాం, 12 లోపలుంది. బయటి కొస మీద 60 కిలోల మనిషి కూర్చున్నాడనుకోండి. బల్ల అంచు దగ్గర తిరిగే తూగుడుబల్ల అయిపోతుందది. 60 ని 8 తో హెచ్చవేస్తే 480. దాన్ని 12 తో భాగిస్తే 40. అంటే వెనక కొసలు 40 కిలోల బలంతో పైకి లేస్తాయి! స్క్రూలు ఊడేది అక్కడే. అందుకే అడ్డపట్టీకి కింద రెండు కోళ్ళు ఉండితీరాలి. కొస మీద పడిన బరువు కోడు గుండా నేరుగా నేలకి దిగిపోతుంది. వెనక కొస లేచే ప్రసక్తే ఉండదు.

కోడు పెట్టడంలో ఇంకో లాభముంది. ఒక చివర గట్టిగా బిగించి, రెండో చివర గాలిలో వదిలేసిన చెక్కకి కొసన బరువు పెడితే ఎంత వంగుతుందో చూడండి. అదే చెక్కని రెండు చివర్లా ఆనించి, అదే బరువు నడిమధ్యన పెడితే అందులో పదహారో వంతే వంగుతుంది. చెక్క మారలేదు, బరువు మారలేదు, ఆనిక మారిందంతే. మందం సంగతీ ఇంతే. 12 మిల్లీమీటర్ల చెక్క బదులు 18 వాడితే మందం ఒకటిన్నర రెట్లయినా, వంగకుండా నిలిచే శక్తి మూడు రెట్లు దాటుతుంది.

చెక్క తేమ తాగితే నారకి అడ్డంగా ఉబ్బుతుంది, పొడుగునా దాదాపు పెరగదు. మార్చిలో ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది, ఆగస్టులో చెమ్మగా ఉంటుంది. రెండున్నర అంగుళాల టేకు రీపరు వెడల్పులో ఆ తేడా అర మిల్లీమీటరు అటూఇటూగా ఉంటుంది. కాబట్టి సందులో రెండు పక్కలా ఒక్కో మిల్లీమీటరు వదలమన్నాను. బిగువుగా చేస్తే వేసవిలో జారుతుంది, వానాకాలంలో మొరాయిస్తుంది. బల్ల కింది పెట్టె భాగానికి ప్లైవుడ్ చాలు. పొరలు ఒకదానికొకటి అడ్డంగా అంటించి ఉంటాయి కాబట్టి ఏ పొరనీ పక్క పొర ఉబ్బనివ్వదు. పడవకైతే ఐఎస్ 710 ముద్ర చూసి కొనాలి. దాని జిగురు 72 గంటలు నీళ్ళలో ఉడికించినా విడిపోకూడదని నియమం.

రీపర్ల మధ్య గాలి ఆడుతుందే, అదే పరుపుకి ప్రాణం. రాత్రంతా మన ఒంటి నుంచి ఆవిరి వస్తూనే ఉంటుంది. కింద మూసేసిన పలకుంటే, చల్లగా ఉన్నచోట ఆ ఆవిరి నీరై బూజు పడుతుంది. చుట్టూ చన్నీళ్ళుండే పడవలో ఈ బాధ మరీ ఎక్కువ.

ఒక్క జాగ్రత్త. పడవ ప్రయాణంలో ఉండగా బల్ల చాచకూడదు. పక్కనుంచి గాలి కొట్టి పడవ ఒరిగితే వెడల్పు పక్క మీద మనిషి దొర్లిపోతాడు. ఇరుకు పక్కే మేలు. అదీ చాలదన్నట్టు పరుపు కింద నుంచి కాన్వాసు గుడ్డ పైకి లాగి కట్టి, దాని ఒడిలో పడుకుంటారు. రేవులో లంగరు వేశాకే బల్ల చాపడం.

మిగిలింది పరుపు. 4 అంగుళాల మందం, 40 డెన్సిటీ ఫోము అడగండి. ఘనపు మీటరుకి 40 కిలోలని అర్థం. చాచిన భాగానికి వేరే పరుపు కుట్టించక్కర్లేదు. పగలు వీపుకి ఆనుకునే దిండునే బల్ల పొడుగునా, 8 అంగుళాల వెడల్పుతో, అదే మందంతో కుట్టిస్తే రాత్రి ఆ ఖాళీలో సరిగ్గా కూర్చుంటుంది.