రాసింది నలుగురికీ చేరాలంటే

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో సొంతంగా రాసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఊరి చరిత్ర రాసే రిటైరైన మాస్టారు, మిర్చి సాగులో తనకు తెలిసింది రాసే కుర్ర రైతు, అమ్మమ్మ కాలం నాటి పచ్చళ్ల కొలతలు రాసిపెట్టే ఇల్లాలు. పత్రికలో చోటు కోసం ఎదురుచూడకుండా ఫోన్లోనే రాసి, తెలిసినవాళ్లకు పంపుతున్నారు. వీళ్లందరినీ వేధించే ప్రశ్న ఒకటే: రాస్తున్నాం సరే, చదివేవాళ్లేరీ? మొదటి వారం చుట్టాలూ స్నేహితులూ బాగుందంటారు. రెండో నెలకు వాళ్లూ మాట్లాడరు. చాలామంది అక్కడే ఆపేస్తారు.

రాత బాగాలేక ఆగిపోయినవాళ్లు కొందరుంటే ఉండొచ్చు. ఎక్కువమంది విషయంలో జరిగేది మాత్రం అది కాదు. రాయడం మీద పెట్టిన శ్రద్ధలో నాలుగో వంతు కూడా అది ఎవరికి, ఎప్పుడు, ఎలా చేరుతుందన్న దాని మీద పెట్టరు. ఈ రెండో పని కూడా నేర్చుకుంటే వచ్చేదే. మన ప్రాంతంలో దాన్ని చేసి చూపించినవాళ్లు ఉన్నారు.

1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడికీ కొల్లూరుకీ మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. కృష్ణా పశ్చిమ డెల్టాలో అప్పట్లో మంచి రోడ్లు తక్కువ. ఊరి నుంచి ఊరికి జనం కాలువల్లో పడవల మీద వెళ్లేవాళ్లు. పడవ మెల్లగా సాగుతుంది. ఎక్కినవాళ్లకు దిగేదాకా చేయడానికి పనేమీ ఉండదు. పొలం, పశువులు, వంట అన్నీ ఒడ్డునే ఉండిపోతాయి. ఆ ఖాళీ సమయాన్ని ఆయన గమనించారు. పుస్తకాలను ప్రయాణికుల దగ్గరికే తీసుకెళ్లారు.

ఇందులో కాస్త ఆగి చూడాల్సిన సంగతి ఉంది. ఊళ్లో ఒక గది కట్టి, అలమరాల్లో పుస్తకాలు సర్ది, తలుపు తీసి కూర్చుంటే వచ్చేది అప్పటికే చదివే అలవాటున్నవాళ్లు. వాళ్ల సంఖ్య ఏ ఊళ్లోనైనా కొద్దే. కొత్తవాళ్లు చదవాలంటే వాళ్లకు తీరిక ఎక్కడ దొరుకుతుందో కనిపెట్టి, పుస్తకం అక్కడికి వెళ్లాలి. చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు పైకి చదివి వినిపించడం ఆ రోజుల్లో మామూలే కాబట్టి, పదిమంది కూర్చున్న చోట ఒక పుస్తకం ఒక్కరి దగ్గరే ఆగేది కాదు.

ఈరోజు మిర్చి గురించి రాసేవాళ్లు ఇదే లెక్క వేసుకోవాలి. కోతల కాలంలో రైతు పగలంతా చేలో, కల్లంలో ఉంటాడు. ఉదయం పదింటికి పంపిన రెండు పేజీల వ్యాసం ఆయన చూడడు. సాయంత్రానికి దాని మీద మరో యాభై మెసేజీలు పడి అది కిందికి పోతుంది. అదే రైతు గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (బస్తాలు) దించుకుని, కాయ చూసి ధర చెప్పే వ్యాపారి కోసం, ఆ తర్వాత కాటా కోసం కూర్చున్నప్పుడు చేతిలో ఫోన్ తప్ప మరో పని ఉండదు. రాత్రి భోజనాలయ్యాక ఒక అరగంట ఉంటుంది. ఆ వేళ చూసి పంపిన ఒక పేజీ, మిగతా రోజంతా పంపిన పది పేజీల కన్నా ఎక్కువ పని చేస్తుంది. చదవడానికి కళ్లు సహకరించని పెద్దవాళ్ల కోసం అదే విషయాన్ని మూడు నిమిషాల మాటగా రికార్డు చేసి జతచేస్తే, నాటి పైకి చదివి వినిపించడం మళ్లీ మొదలైనట్టే.

తీరిక దొరికిన మనిషి మన రాతే ఎందుకు తెరవాలన్నది తర్వాతి ప్రశ్న. యార్డు దగ్గరే దీనికి మంచి ఉదాహరణ ఉంది. తేజ రకం క్వింటా ఎంత పలికింది, 341 రకం ఎంత, బాడిగ రకం ఎంత, తాలు కాయ ఎలా పోయింది, ఏసీ (కోల్డ్ స్టోరేజీ) సరుకు ఎంత బయటికి వచ్చింది అని రోజూ చెప్పే చిన్న చిన్న వీడియోలు, మెసేజీలు ఈ ప్రాంతంలో ఫోన్ల నిండా తిరుగుతుంటాయి. చెప్పేవాళ్లకు పెద్ద పేరేమీ ఉండదు. మాట సొగసూ ఉండదు. కానీ సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకున్న రైతుకు ఆ నాలుగు అంకెలూ కావాలి. అందుకే వెతుక్కుని మరీ చూస్తాడు.

అయితే ధర చెప్పడంతోనే ఆగినవాళ్లకు ఒక చిక్కు ఉంది. శని, ఆదివారాలు యార్డుకు సెలవు. ఎండాకాలంలో ఏకంగా కొన్ని వారాలు మూతపడుతుంది. ఆ రోజుల్లో వాళ్ల దగ్గరికి రావడానికి ఎవరికీ కారణం ఉండదు. ధర ఎవరు చెప్పినా ఒకటే కాబట్టి, ముందు చెప్పినవాడి దగ్గరికి జనం మారిపోతారు. అంకె కోసం వచ్చినవాళ్లు నిలవాలంటే, మరోచోట దొరకని సంగతి ఒకటైనా ఉండాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. మిర్చిలో ఆకు ముడత ఎక్కువగా రెండు రకాలుగా కనిపిస్తుంది. తామర పురుగు పీల్చితే ఆకు అంచులు పైకి లేచి దోనెలా అవుతాయి. దీన్ని పై ముడత అంటారు. తెల్లనల్లి ఆశిస్తే అంచులు కిందికి ముడుచుకుని ఆకు బోర్లించిన పడవలా కనిపిస్తుంది. ఇది కింది ముడత. మొదటిదానికి కారణం పురుగు, రెండోదానికి నల్లి జాతి. ఒకదానికి పనిచేసే మందు రెండోదానికి పనిచేయకపోవచ్చు. తేడా తెలియక దుకాణంలో ఏది ఇస్తే అది కొట్టి డబ్బు పోగొట్టుకునే రైతులు ఇప్పటికీ ఉన్నారు. ఈ విషయం మీద మిర్చి పురుగులన్నిటినీ ఏకరువు పెట్టే పది పేజీల వ్యాసం రాయొచ్చు. లేదా తన చేలో తీసిన రెండు ఆకుల ఫొటోలు పక్కపక్కన పెట్టి, ఇది పైకి, ఇది కిందికి, మందు కొనేముందు ఇది చూసుకోండి అని ఎనిమిది వాక్యాలు రాయొచ్చు. నన్నడిగితే రెండోదే పాఠకుణ్ని సంపాదించే రాత. దాన్ని చదివినవాడు పక్క చేను రైతుకు చూపిస్తాడు. ఆ చూపించడమే మనకు దొరికే అసలైన ప్రచారం.

2021 చివర్లో నల్ల తామర పురుగు వచ్చి మన మిర్చి చేలను ముంచేసినప్పుడు, పూతలో చేరిన ఆ పురుగు ఏమిటో, ఏం చేయాలో రైతులు కనిపించిన ప్రతివాళ్లనూ అడిగారు. అలాంటి సమయంలో రాసేవాడి బాధ్యత రెట్టింపవుతుంది. ఆదరాబాదరాగా ఏదో మందు పేరు, మోతాదు రాసేస్తే ఆ రోజుకు వేలమంది చూడొచ్చు. పంట పోయాక ఒక్కడూ మిగలడు. గుంటూరు దగ్గరి లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఏం చెప్పారో కనుక్కుని, తేలినది ఇది, ఇంకా తేలనిది ఇది అని విడదీసి రాసినవాడి మాటకు తర్వాతి సీజన్లో కూడా విలువ ఉంటుంది.

ఇక ఫోన్ సంగతి. తెలియక చాలామంది చేసే పని ఒకటుంది. రాసినదాన్ని పూల బొమ్మల మీద అందంగా అచ్చు వేసి, ఫొటోగా మార్చి పంపుతారు. వాట్సాప్‌లో అది బాగానే కనిపిస్తుంది. కానీ గూగుల్ లాంటివి ముందు చూసేది అక్షరాలను. బొమ్మలో ఇరుక్కున్న మాటలు వాటికి సరిగా అందకపోవచ్చు. మీరు ఎంత గొప్పగా రాసినా, ఆరు నెలల తర్వాత అదే సమాచారం కోసం వెతికే మనిషికి అది కనిపించకుండా పోవచ్చు. అందుకని అక్షరాలను అక్షరాలుగానే ఉంచి, అందరికీ తెరుచుకునే ఒక శాశ్వతమైన చోట దాచాలి. వాట్సాప్‌లో పంపేది ఆ చోటికి దారి మాత్రమే. శీర్షిక కూడా జనం ఎలా అడుగుతారో అలా ఉండాలి. మైకు నొక్కి ‘మిరప ఆకు పైకి ముడుచుకుంటే ఏం కొట్టాలి’ అని అడిగే రైతుకు ‘పచ్చని ఆశలపై పగబట్టిన ప్రకృతి’ అన్న శీర్షిక ఎప్పటికీ దొరకదు.

వచ్చినవాళ్లు మళ్లీ రావాలంటే కట్టుబాటు కావాలి. కాశీనాథుని నాగేశ్వరరావు గారు ఆంధ్రపత్రికను 1908లో మొదలుపెట్టింది తెలుగుదేశంలో కాదు, బొంబాయిలో. వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసుకు వచ్చి దినపత్రిక అయింది. అది వారం వారం తప్పకుండా వస్తుందని తెలుసు కాబట్టే అంత దూరాన అచ్చయినదాని కోసం ఇక్కడివాళ్లు ఎదురుచూశారు. ఏటా ఉగాది సంచిక మరో ఆకర్షణ. 1947 జూలైలో మొదలైన చందమామకు పిల్లలు నెల నెలా ఎందుకు ఎదురుచూసేవాళ్లో ఆ తరంలో ఎవరినడిగినా చెబుతారు. దాని వెనక ఉన్న చక్రపాణి తెనాలి మనిషి. ‘తోకచుక్క’ మొదలుకుని ఎన్నో సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం కూడా తెనాలి ప్రాంతం వారే. సీరియల్ సరిగ్గా ఉత్కంఠ దగ్గర ఆగేది. మిగతాది వచ్చే నెల. మీరు ఊరి చరిత్ర రాస్తుంటే ఒకేసారి నలభై పేజీలు కుమ్మరించకండి. చెరువు ఎవరు తవ్వించారన్నది ఈ ఆదివారం, గుడి శాసనంలో ఏముందన్నది వచ్చే ఆదివారం. వారానికొకటి రాయలేకపోతే నెలకొకటి చాలు. కానీ చెప్పిన రోజు తప్పకూడదు.

జవాబు ఇవ్వడం గురించి మాలతీ చందూర్ గారి ‘ప్రమదావనం’ కన్నా మంచి పాఠం మన భాషలో లేదనుకుంటాను. ఆంధ్రప్రభ వారపత్రికలో ఆ శీర్షిక దశాబ్దాల పాటు సాగింది. వంట నుంచి సంసారం దాకా, చదువు నుంచి అందం దాకా పాఠకులు అడగడం, ఆమె చెప్పడం. జవాబు వస్తుందన్న నమ్మకమే ఉత్తరం రాయించేది. ప్రశ్న ఒకరిదైనా జవాబు చదివేది వేలమంది. చందమామ ఫొటో వ్యాఖ్యల పోటీ పెట్టిందీ ఇలాంటి ఆలోచనతోనే. చదివేవాళ్లకు తమ మాట అచ్చులో కనిపించే అవకాశం ఇచ్చింది. 1989లో ఈనాడు జిల్లాకొక అనుబంధం మొదలుపెట్టినప్పుడు, అంతవరకూ పత్రికలోకి ఎక్కని ఊళ్ల పేర్లు అందులోకి ఎక్కాయి. తమ ఊరి పేరు ఉన్న కాగితాన్ని ఎవరు కొనుక్కోరు?

చిన్నగా రాసేవాళ్లకు పాఠకులకు జవాబివ్వడంలో పెద్ద పత్రికల కన్నా వెసులుబాటు ఎక్కువ. యాభైమంది పాఠకులున్నప్పుడు యాభైమందికీ పేరు పెట్టి జవాబివ్వొచ్చు. ‘సత్తెనపల్లి నుంచి ఒక అన్న ఇలా అడిగారు’ అని మొదలుపెట్టిన రాతను ఆ అన్న కనీసం పదిమందికి పంపుతాడు. ఎవరైనా తప్పు చూపిస్తే ఆ వ్యాసంలోనే, అందరికీ కనిపించేలా దిద్దండి. దిద్దడం వల్ల ఎవరి పరువూ పోదు.

ముఖాముఖి కలవడం మరో మెట్టు. రైతునేస్తం మాసపత్రిక నడిపే యడ్లపల్లి వెంకటేశ్వరరావు గారిది గుంటూరు జిల్లా కొర్నెపాడు. 2019లో పద్మశ్రీ అందుకున్నారు. పత్రికతో ఊరుకోకుండా సొంత ఊళ్లో రైతులకు ప్రకృతి సేద్యం మీద శిక్షణ తరగతులు పెట్టించారు. కాగితం మీద చదివినదాన్ని పొలంలో కళ్లారా చూసిన రైతు ఆ పత్రికను అంత త్వరగా వదలడు. మీకు శిక్షణ కేంద్రం అక్కర్లేదు. పచ్చళ్ల గురించి రాసేవాళ్లు ఏడాదికొకసారి కొత్త కారం వచ్చే రోజుల్లో పదిమందిని పిలిచి ఆవకాయ కలిపి చూపిస్తే చాలు.

అడ్డదారుల గురించి ఎక్కువ చెప్పను. డబ్బిచ్చి అంకెలు పెంచుకోవడం, ఇంకొకరి రాతకు తమ పేరు తగిలించడం, లోపల లేనిదాన్ని శీర్షికలో ఊరించడం, అడగనివాళ్లను గ్రూపుల్లో చేర్చడం. ఇవన్నీ చూసినవాళ్ల సంఖ్యను పెంచుతాయి. చదివినవాళ్ల సంఖ్యను పెంచవు. ఎంతమంది చూశారన్న అంకె కన్నా, కిందటి నెల చదివినవాళ్లలో ఎంతమంది ఈ నెల మళ్లీ వచ్చారన్నది చూసుకోండి. అది ముప్పై ఉండి, ముప్పై అయిదుకు పెరిగితే మీ రాత సరైన దారిలో ఉన్నట్టే.

ఒక్క విన్నపం. ఫోన్లు మారతాయి, కంపెనీలు మూతపడతాయి. వాటితో పాటు మీ రాతలూ పోతాయి. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం నేటికీ పాత పత్రికలను భద్రంగా ఉంచింది కాబట్టి, పరిశోధకులు ఇప్పుడు కూడా అక్కడికి వెళ్లి వెతుక్కుంటున్నారు. ఏడాదికొకసారి మీరు రాసినవాటిని అచ్చు తీయించి, కుట్టించి, ఒక ప్రతి మీ ఊరి గ్రంథాలయానికీ, మరొకటి అలాంటి పెద్ద గ్రంథాలయానికీ ఇవ్వండి. జిరాక్సు కాగితాలైనా సరే. మీ ఊరి చెరువు గురించి, మీ నేల మిర్చి గురించి తెలుసుకోవాలనుకునే మనిషి ఇంకా పుట్టకపోయి ఉండొచ్చు.