పాతాళానికి తక్కువ ఖర్చు దారి

దసరా సెలవులకు భువనేశ్వర్ నుంచి రాయగడ వచ్చిన మా పదేళ్ల మనవడితో కలిసి ఓ పాత ఇటాలియన్ సినిమా చూశాను. పేరు ‘హెర్క్యులిస్ ఇన్ ది హాంటెడ్ వరల్డ్’. 1961లో మారియో బావా తీసిన రంగుల చిత్రం. గ్రీకుల వీరుడు హెరాక్లిస్‌ను రోమన్లు హెర్క్యులిస్ అని పిలుచుకుని తమవాణ్ణి చేసుకున్నారు. ఆ వేషం కండల వీరుడు రెగ్ పార్క్‌ది.

కథ మనకేమీ కొత్త కాదు. నాయిక మతి తప్పి ప్రియుణ్ణే గుర్తుపట్టదు. ఆమెను బాగుచేసే రాయి పాతాళంలో ఉంది. అక్కడికి వెళ్లి ప్రాణాలతో రావాలంటే ముందుగా బంగారు ఆపిల్ పండు సంపాదించాలి. ఇక ఇంట్లో పెద్దదిక్కుగా మసలే బంధువే అసలు మాంత్రికుడు! ఆ పాత్రలో క్రిస్టఫర్ లీ. నరికితే నెత్తురు కారే తీగలు, సలసల కాగే లావా, గాలిలో ఎగిరొచ్చే శవాలు... ఒకటేమిటి, అన్నీ ఉన్నాయి.

మా వాడు మాత్రం పకపకా నవ్వాడు. “ఏటి తాతా, ఆ గుహ అట్టముక్కల్తో చేసినట్టున్నాది!”

నాకేమో విఠలాచార్య గారు గుర్తొచ్చారు. 1920లో పుట్టిన ఆ కన్నడిగుడే మన తెలుగువారి ‘జానపద బ్రహ్మ’. ‘గురువును మించిన శిష్యుడు’ (1963), ‘జగన్మోహిని’ (1978) వంటి చిత్రాలు తీసి 1999లో కన్నుమూశారు. ఆయనా, బావా ఒకరికొకరు తెలిసి ఉండరు. కానీ ఇద్దరి దగ్గరా డబ్బు తక్కువ, ఉపాయాలు ఎక్కువ. బావా స్వతహాగా ఛాయాగ్రాహకుడు. కొద్దిపాటి స్తంభాలనే అటూ ఇటూ జరిపి, పొగ వదిలి, ఎర్ర, నీలి దీపాలు వేసి పాతాళం చూపించాడు. విఠలాచార్య గారూ ఉన్న సెట్టునే మార్చి మార్చి వాడుకునేవారు.

మా కొరాపుట్ ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్టణం జిల్లాలో ఉండేది. హద్దు మారినా ఇళ్లలో తెలుగు మిగిలింది. బడిలో నేను చదివింది ఒడియా. రైలెక్కి పార్వతీపురం వెళ్లి చూసిన జానపద చిత్రాలే నా తెలుగు వాచకాలు. కాంతారావు గారి డైలాగులు వల్లిస్తూ, గోడమీది పోస్టర్ల అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చాను.

నవ్వుతున్న మనవడికి ఒక కిటుకు చెప్పాను. కెమెరా కదలకూడదు. మనిషిని నిలబెట్టి తీసి, ఆపి, ఆ మనిషి స్థానంలో చిలకను పెట్టి మళ్లీ తీస్తే మంత్రం పారినట్టే! చిలక లేదు గనుక ఇత్తడి చెంబు తెచ్చాం. సెల్‌ఫోనులో వాళ్ల నాయనమ్మ చెంబైపోయింది. వాడి నవ్వు ఆగి కళ్లు మెరిశాయి. ఆమెకైతే కోపం వచ్చింది.

“మంత్రం కావాలి తాతా!” అన్నాడు. కాగితంమీద తెలుగులో రాసిచ్చాను. దాన్ని తిరగేసి, మరగేసి చూసి నాకే ఇచ్చేశాడు. “నువ్వు చదువు, నేను రాసుకుంటాను” అన్నాడు. నేను చదివాను. వాడు ఒడియా అక్షరాల్లో రాసుకున్నాడు. మా ఇంట తెలుగు ఎంతదాకా వచ్చిందో ఆ కాగితం చూస్తే తెలిసింది.

సెలవులు ముగిసేలోగా వాడు తెలుగులో రాయగలిగింది ఒక్క మాటే - ‘మాంత్రికుడు’. ఆ ఒత్తులతో వాడు పడిన పాట్లు హెర్క్యులిస్ కూడా పడి ఉండడు. సంక్రాంతికి మళ్లీ వస్తానన్నాడు. చెంబు అటకెక్కించకుండా ఉంచాను.